కర్మ ఎవరిది, ఫలం ఎవరిది

ఒక వృత్తిలో పదిహేడేళ్లు శ్రమించి, ఆ వృత్తి పరమలక్ష్యంగా భావించే దాన్ని ఒక్కసారి కూడా చేరుకోకుండా విరమించిన మనిషి జీవితం సార్థకమేనా, సార్థకమే అంటే ఏ కొలతతో అలా అనాలి అన్న ప్రశ్న తత్త్వవిచారంలో కొత్తది కాదు. కర్మకూ ఫలానికీ ఉన్న సంబంధాన్ని భగవద్గీత విచారించింది. గ్రీకు, రోమన్ దేశాల స్టోయిక్కులు, అంటే మనిషి వశంలో ఉన్నదాన్నీ లేనిదాన్నీ వేరుచేసి చూడటమే జ్ఞానమని బోధించిన సంప్రదాయంవారు, విచారించారు. క్రైస్తవ వేదాంతులు లౌకిక వృత్తి కూడా దేవుని పిలుపే అన్న కోణం నుంచి విచారించారు. అయితే ఈ విచారణల్లో ఎక్కువగా కనిపించే యోధుడు, రాజు, విలుకాడు తమ పనిముట్టు తమ చేతిలో ఉన్నవాళ్లు. పని చేసే అవకాశాన్నే మరొకరు కొని, అమ్మి, ఏ సాయంత్రమైనా ఆపివేయగలిగిన స్థితిలో ఉన్న మనిషి విషయంలో ఈ సిద్ధాంతాలు ఎంతవరకు నిలుస్తాయో పరీక్షించడానికి అమెరికన్ ఫుట్‌బాల్‌లోని ఒక తరహా ఆటగాడి వృత్తిజీవితం మంచి ఆధారం.

ఆ తరహా ఆటగాణ్ణి అక్కడ జర్నీమ్యాన్ అంటారు. ఒకే జట్టులో స్థిరపడకుండా, ఏడాదికో రెండేళ్లకో ఊరు మారుతూ, తరచుగా మరొకరి స్థానాన్ని తాత్కాలికంగా భర్తీ చేస్తూ, అగ్రశ్రేణి తారల్లో చేరకపోయినా లీగ్‌కు ఎప్పుడూ అవసరమయ్యే వృత్తినిపుణుడని ఆ మాటకు వాడుకలో అర్థం. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఎన్ఎఫ్ఎల్, 32 జట్ల కూటమి. వేసవి శిక్షణ శిబిరంలో ఒక్కో జట్టు 90 మంది వరకు ఆటగాళ్లను ఉంచుకోవచ్చు గాని ఆగస్టు చివరికల్లా ఆ సంఖ్యను 53కు కుదించాలి. తొలగింపుకు గురైన ఆటగాడి దగ్గరకు వచ్చి, ప్లేబుక్ తీసుకుని కోచ్ గదికి రమ్మని కబురు చెప్పే ఉద్యోగికి ఆటగాళ్లలో 'ద టర్క్' అని పేరు. ప్లేబుక్ అంటే జట్టు ఎత్తుగడలన్నిటినీ బొమ్మలతో, సంకేతాలతో పొందుపరచిన గ్రంథం. ఆ సంకేతాల భాష జట్టు జట్టుకూ మారుతుంది గనుక, జట్టు మారిన ప్రతిసారీ ఆటగాడు ఆ పరిభాషను మొదటినుంచీ నేర్చుకోవాలి. ఒప్పందంలో రాసుకున్న మొత్తంలో హామీ ఇచ్చిన భాగం తప్ప మిగిలినది, ఆటగాణ్ణి తీసివేసిన రోజుతో చెల్లకుండా పోతుంది.

జట్టులోని స్థానాలన్నిటిలోకీ క్వార్టర్‌బ్యాక్ స్థానం ఈ విచారణకు మరీ ముఖ్యం. దాడికి దిగే పదకొండు మందిలో బంతిని అందుకుని, కొద్ది సెకన్లలో ఎదుటి వ్యూహాన్ని చదివి, ఎవరికి విసరాలో నిర్ణయించేవాడు అతడే. మిగతా స్థానాల్లో ఆటగాళ్లు విడతలవారీగా మారుతుంటారు గనుక రెండో వరుసవారికీ కొంత పని దొరుకుతుంది. రెండో క్వార్టర్‌బ్యాక్‌కు మాత్రం మొదటివాడు గాయపడితేనో, విఫలమైతేనో తప్ప దాదాపు పని ఉండదు. తన కర్మకు అవకాశం సాటి మనిషి కష్టం గుండానే రావడం ఈ వృత్తిలో అంతర్గతంగా ఉన్న నైతిక ఇబ్బంది, దాన్ని ఏ ప్లేబుక్కూ పరిష్కరించదు.

ర్యాన్ ఫిట్జ్‌పాట్రిక్ హార్వర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివాడు. విశ్వవిద్యాలయ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే వార్షిక ప్రక్రియను డ్రాఫ్ట్ అంటారు. 2005 డ్రాఫ్ట్‌లో సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు అతణ్ణి చివరిదైన ఏడో రౌండ్‌లో, 250వ ఎంపికగా తీసుకుంది. ఆ తర్వాత సిన్సినాటి, బఫెలో, టెనెసీ, హ్యూస్టన్, న్యూయార్క్ జెట్స్, టాంపా బే, మయామి, వాషింగ్టన్ జట్లకు ఆడి, 2022 జూన్‌లో విరమించాడు. ఎనిమిది వేర్వేరు జట్ల తరఫున టచ్‌డౌన్ పాస్, అంటే ప్రత్యర్థి గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చే పాస్, విసిరిన తొలి ఆటగాడతడు. మొత్తంమీద దాదాపు 35,000 గజాల పాసులు, 223 టచ్‌డౌన్లు, ప్రత్యర్థులు మధ్యలో అందుకున్న పాసులు 169; మ్యాచ్ ఆరంభం నుంచి ఆడిన 147 మ్యాచుల్లో 59 విజయాలు, 87 ఓటములు, ఒకటి సమం. సాధారణ సీజన్ ముగిశాక అర్హత పొందిన జట్లు మాత్రమే ఆడే ప్లేఆఫ్స్‌లో, ఆ దారి చివర ఉండే సూపర్ బౌల్ సంగతి అలా ఉంచి, ఒక్క మ్యాచ్‌లో కూడా అతడు ఆడలేదు.

దానికి అతి చేరువగా వచ్చినది 2015 సీజన్. న్యూయార్క్ జెట్స్ తరఫున అతడు ఆ ఏడాది 31 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. జట్టు పది విజయాలతో చివరి మ్యాచ్‌కు చేరింది. గెలిస్తే ప్లేఆఫ్స్ ఖాయం. 2016 జనవరి 3న జరిగిన ఆ మ్యాచ్‌లో ప్రత్యర్థి, అంతకుముందు అతడు నాలుగేళ్లు ఆడిన బఫెలో. చివరి పావుభాగంలో అతడి పాసులు మూడు ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి, జెట్స్ 17-22తో ఓడిపోయింది. మరో మూడేళ్లకు టాంపా బేలో, వరుసగా మూడు మ్యాచుల్లో 400 గజాలకు మించి పాసులు విసిరిన తొలి ఆటగాడిగా చరిత్రకెక్కి, ఆ వెంటనే నాలుగో మ్యాచ్ సగంలో పక్కకు తప్పించబడ్డాడు. సిద్ధి, అసిద్ధి అనే రెండు మాటలు ఇంత దగ్గర దగ్గరగా, ఇన్నిసార్లు ఎదురైన వృత్తిజీవితాలు క్రీడాచరిత్రలో తక్కువే.

ఇటువంటి జీవితానికి విలువ కట్టడంలో మొదటి సాయం ఆధునిక తత్త్వవేత్త అలాస్డేర్ మకింటైర్ నుంచి లభిస్తుంది. 1981లో వెలువడిన 'ఆఫ్టర్ వర్చ్యూ' గ్రంథంలో ఆయన, ఒక సాధనకు లోపలి శ్రేయస్సులూ వెలుపలి శ్రేయస్సులూ వేరువేరుగా ఉంటాయని వివరించాడు. ధనం, కీర్తి, పదవి వెలుపలివి; వాటిని వేరే దారుల్లోనూ సంపాదించవచ్చు, ఒకరికి ఎక్కువ దక్కితే మరొకరికి తగ్గుతాయి. లోపలివి ఆ సాధనలో దిగినవారికే తెలుస్తాయి, వాటిని ఒకరు సాధిస్తే ఆ సాధనకు చెందిన సమూహమంతా సంపన్నమవుతుంది. బంతిని నేర్పుగా విసరడం మాత్రమే సాధన కాదని, ఫుట్‌బాల్ ఆట మాత్రం సాధన అని ఆయన స్వయంగా ఉదాహరించడం ఇక్కడ గమనించదగినది: చేతినేర్పు, దానికి అర్థమిచ్చే సమష్టి వ్యవహారంలో భాగమైనప్పుడే సాధనగా మారుతుంది. ఫిట్జ్‌పాట్రిక్‌కు వెలుపలి శ్రేయస్సులు పూర్తిగా దక్కలేదని అనడం సత్యదూరం. అతడి మొత్తం ఆర్జన 8 కోట్ల డాలర్లకు పైబడింది, అంత సొమ్ము పొందినవాణ్ణి ఫలరహితుడని పిలవడం పేదవాడి శ్రమను అవమానించడమే అవుతుంది. అందువల్ల ఈ విచారణ ఆ ఆట స్వయంగా పరమఫలమని ప్రకటించుకున్న దానికే, అంటే గెలుపుకూ బిరుదుకూ, పరిమితం కావాలి.

మకింటైర్ కంటే పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా ముందే ఇదే విషయాన్ని బంతి ఆట ద్వారా వివరించినవాడు ఎపిక్టెటస్. అతడు బానిసగా పుట్టి, విముక్తి పొంది, చక్రవర్తి డొమిషియన్ తత్త్వవేత్తలను బహిష్కరించినప్పుడు రోమ్ విడిచి గ్రీసు దేశపు నికోపోలిస్‌లో పాఠశాల నడిపాడు. అతడి ప్రసంగాల రెండవ భాగంలో బంతి ఆట ప్రస్తావన ఉంది. ఆటగాళ్లు బంతి మంచిదా చెడ్డదా అని వాదులాడుకోరు, విసరడంలోనూ పట్టడంలోనూ ఉన్న నేర్పు గురించే శ్రద్ధ వహిస్తారు. బంతి ఉదాసీన వస్తువు, నేర్పు మాత్రం కాదు. ఏథెన్స్ న్యాయస్థానంలో సోక్రటీసుకు బంతిగా వచ్చినవి చెర, ప్రవాసం, విషపాత్ర. వాటితోనే అతడు చక్కగా ఆడాడని ఎపిక్టెటస్ వ్యాఖ్య. స్టోయిక్కుల విలుకాడి దృష్టాంతం కూడా ఈ కోవకే చెందుతుంది: గురి చూడటానికి తన చేతిలో ఉన్నదంతా చేసిన విలుకాడి కార్యం అక్కడికే పూర్తయింది, బాణం వింటిని వదిలాక గాలి వీచినా, లక్ష్యం కదిలినా అతడి కళకు లోటు లేదు.

క్వార్టర్‌బ్యాక్ పనికి ఈ దృష్టాంతం సరిగ్గా అతికినట్టు కనిపించినా ఒక ముఖ్యమైన చోట తక్కువ పడుతుంది. విలుకాడు ఒంటరి, అతడికీ లక్ష్యానికీ మధ్య గాలి తప్ప మరెవరూ లేరు. పాస్ మాత్రం అయిదుగురు అడ్డు నిలిచి కాపాడితే పుట్టి, ఆరోవాడు పరుగెత్తి అందుకుంటే పూర్తయ్యే చర్య. ఇటువంటి చర్యకు భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం మరింత సమగ్రమైన విశ్లేషణ ఇస్తుంది. ఏ కర్మ సిద్ధించాలన్నా అయిదు హేతువులు కూడాలని అక్కడ చెప్పబడింది: అధిష్ఠానం, అంటే కర్మకు ఆధారమైన శరీరం, కర్త, కరణాలు, అంటే ఇంద్రియాది సాధనాలు, వివిధ చేష్టలు, అయిదవది దైవం. ఈ అయిదింటిలో తానొక్కడే కర్తనని భావించేవాడికి సరైన చూపు లేదని కూడా ఆ సందర్భమే చెబుతుంది.

ఈ విశ్లేషణ ఎంత సూక్ష్మమైనదో ఒక్క పాస్‌ను దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. 2020 డిసెంబరు 26న లాస్ వేగాస్‌లో రెయిడర్స్ జట్టుతో ఆడుతున్న మయామి, 19 సెకన్లు మిగిలి ఉండగా 23-25తో వెనుకబడి, తన సొంత 25 గజాల గీత దగ్గర బంతి అందుకుంది. యువ క్వార్టర్‌బ్యాక్ టువా టగోవైలోవా బదులు చివరి పావుభాగంలో మైదానంలోకి వచ్చిన ఫిట్జ్‌పాట్రిక్ బంతి విసరబోతున్న క్షణంలో, ఆర్డెన్ కీ అనే రెయిడర్స్ ఆటగాడి చెయ్యి అతడి హెల్మెట్ ముందున్న ఊచలను పట్టి గుంజింది. తల పక్కకు మెలితిరిగిపోయింది. ఆ స్థితిలోనే బంతి చెయ్యి విడిచి, 34 గజాల దూరంలో మ్యాక్ హాలిన్స్ చేతుల్లో పడింది. ముఖకవచాన్ని పట్టడం నిషిద్ధం గనుక మరో 15 గజాలు జరిమానాగా కలిశాయి. ఒకే ఒక్క సెకను మిగిలి ఉండగా జేసన్ శాండర్స్ 44 గజాల దూరం నుంచి బంతిని కమ్మీల మధ్యకు తన్ని మయామిని 26-25తో గెలిపించాడు.

ఇందులో అధిష్ఠానం, నవంబరులో ముప్పై ఎనిమిదేళ్లు నిండిన ఒక శరీరం. కరణాలలో కన్ను ఆ క్షణానికి లక్ష్యం మీద లేదు. ఇన్నేళ్ల అభ్యాసం భుజంలోనూ వేళ్లలోనూ మిగిల్చిన సంస్కారమే పని చేసింది. చేష్టలు అతడివి మాత్రమే కావు, హాలిన్స్ పరుగూ అందులో భాగమే. ఇక అయిదవదైన దైవం దగ్గర భాష్యకారులు విడిపోతారు. శంకరులు ఇక్కడ దైవమంటే కన్ను మొదలైన ఇంద్రియాలకు అనుగ్రాహకులైన ఆదిత్యాది దేవతలని వ్యాఖ్యానించారు. రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మే కర్మసిద్ధికి ప్రధాన హేతువని తేల్చారు. ఏ వ్యాఖ్యను అనుసరించినా, అడ్డుకోవడానికి వచ్చిన ప్రత్యర్థి హస్తమే 15 గజాల సాయంగా పరిణమించడాన్ని ఫిట్జ్‌పాట్రిక్ నైపుణ్యం ఖాతాలో రాయడానికి వీలులేదు. ఎనిమిది రోజులకు, 2021 జనవరి 3న, ఆ అయిదో హేతువే ఎదురు తిరిగింది: కోవిడ్ కారణంగా అతడు సీజన్ చివరి మ్యాచ్‌కు దూరమయ్యాడు, మయామి బఫెలో చేతిలో 26-56తో ఓడి ప్లేఆఫ్స్ కోల్పోయింది. మొదటి సందర్భంలో అతడు గొప్పవాడు, రెండో సందర్భంలో దురదృష్టవంతుడు అని వ్యవహరించే లోకం, కర్తకూ దైవానికీ మధ్య గీత తప్పుచోట గీస్తున్నది. రెండు వారాల్లోనూ అతడి నేర్పు ఒక్కటే.

ఇంతవరకు గీతా సిద్ధాంతానికి ఇబ్బంది లేదు. అసలు చిక్కు ఆ డిసెంబరుకు రెండు నెలల ముందు ఉంది. 2020 అక్టోబరులో మయామి ఆరు మ్యాచుల్లో మూడు గెలిచి, వరుసగా రెండు విజయాల ఊపులో ఉండగా, ఫిట్జ్‌పాట్రిక్‌ను పక్కన కూర్చోబెట్టి, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అయిదో ఎంపికగా వచ్చిన టగోవైలోవాకు స్థానం ఇస్తున్నట్టు జట్టు ప్రకటించింది. తన గుండె పగిలిందని ఫిట్జ్‌పాట్రిక్ దాపరికం లేకుండా పత్రికలవారితో చెప్పాడు. పదిహేనేళ్లకు పైగా ఊరూరూ తిరిగి, తొలగింపులకు అలవాటు పడిన మనిషి ఇంతగా బాధపడటాన్ని అతడిలో వైరాగ్యం కుదరలేదనడానికి నిదర్శనంగా తీసుకోవాలా అన్నది ఈ వ్యాసానికి కీలకమైన ప్రశ్న.

తీసుకోనక్కరలేదు. గీత రెండవ అధ్యాయం 47వ శ్లోకాన్ని తెలుగు లోకం ఎక్కువగా ఓదార్పు మాటగా వాడుకుంటుంది. పరీక్ష తప్పిన విద్యార్థికి, పదోన్నతి అందని ఉద్యోగికి, పంట పోయిన రైతుకు దాన్నే వినిపిస్తారు. ఆ వినిపించడంలో ఫలాన్ని ఆశించవద్దన్న భాగమే మిగిలి, దానికి ముందున్న భాగం మరుగున పడుతుంది. మనిషికి కర్మమీద అధికారం ఉందన్నది ఆ శ్లోకంలోని మొదటి ప్రతిపాదన, ఫలం విషయంలో నిషేధం దాని తర్వాత వచ్చినది, కర్మ చేయకపోవడం మీద ఆసక్తి వద్దన్నది చివరిది. మొదటి ప్రతిపాదన నిలిస్తేనే మిగతావి నిలుస్తాయి. అర్జునుడికి రథం ఉంది, గాండీవం ఉంది, యుద్ధభూమి ఎదుట ఉంది; అతణ్ణి రథం దిగమని ఆజ్ఞాపించగల యజమాని లేడు. అతడు పనిని తానే వద్దనుకున్నాడు గనుక కృష్ణుడి ఉపదేశం అవసరమైంది. పక్కన కూర్చోబెట్టబడిన ఆటగాడి పరిస్థితి ఇందుకు పూర్తిగా విపరీతం: అతడు పని కావాలంటున్నాడు, కర్మాధికారమే అతడి నుంచి లాక్కోబడింది. అతడి దుఃఖం ఫలం గురించి కాదు, కర్మ గురించి. ఫలసంగం, అంటే ఫలితంతో ముడిపడిన ఆసక్తి, వదలమన్న శాస్త్రం పనిమీద ప్రేమను ఎక్కడా వదలమనలేదు. పైగా మూడవ అధ్యాయంలో, అజ్ఞానులు ఆసక్తితో ఎంత గట్టిగా పని చేస్తారో, లోకసంగ్రహం కోసం, అంటే లోకాన్ని నిలిపి నడిపించడం కోసం, జ్ఞాని ఆసక్తి లేకుండానే అంత గట్టిగానూ చేయాలని చెప్పింది. తన స్థానాన్ని తీసుకున్న యువకుడికి ఆ సీజన్ అంతా తోడుగా నిలిచి, పిలుపు వచ్చిన రోజున వెనకాడకుండా మైదానంలోకి దిగిన మనిషి ఆచరణలో ఈ రెండూ కనిపిస్తాయి. ఏడాదికి మించి హక్కులేని చేనికి కూడా సొంత పొలానికి వేసినట్టే పశువుల ఎరువు తోలే కౌలు రైతు శ్రద్ధలాంటిది ఆ ఆచరణ. ఫలం ఎవరిదన్న లెక్క ఆ శ్రద్ధను తగ్గించదు, అయినా పొలం చేజారినప్పుడు రైతు బాధపడటం అతడి శ్రద్ధలోని భాగమే.

కర్మకు అవకాశమే లేని కాలాల్లో మనిషి ఏమవుతాడన్న ప్రశ్నకు ఫిట్జ్‌పాట్రిక్ కంటే జోష్ జాన్సన్ జీవితం సూటిగా సమాధానం చెబుతుంది. 2008లో టాంపా బే అయిదో రౌండ్‌లో ఎంచుకున్న ఈ క్వార్టర్‌బ్యాక్ మొత్తం 14 ఎన్ఎఫ్ఎల్ జట్లలో చేరి, ఆ లెక్కన లీగ్ చరిత్రలోనే మొదటి స్థానంలో నిలిచాడు. మధ్యలో చిన్న లీగులలోనూ ఆడాడు. 2018 డిసెంబరులో వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరు కాళ్లు విరిగి మంచాన పడటంతో అతడికి పిలుపు వచ్చింది. కొత్త సహచరుల పేర్లు నేర్చుకోవడానికి వ్యవధి లేక, ఆ జట్టు ఆటగాళ్ల పేర్లన్నీ ఉండే మాడెన్ వీడియో గేమ్ ముందు కూర్చుని వాటిని వల్లెవేశాడు. డిసెంబరు 16న జాక్సన్‌విల్‌లో, ఏడేళ్ల తర్వాత మొదటిసారి ఆరంభ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 16-13తో గెలిచాడు. ఎన్ఎఫ్ఎల్‌లో ఆరంభ క్వార్టర్‌బ్యాక్‌గా అదే అతడి తొలి విజయం. ఆ ఏడేళ్లలో అతడు చేసిన పని ఏ గణాంకంలోనూ లేదు. గణాంకాలు ఫలాన్ని మాత్రమే నమోదు చేస్తాయి, సంసిద్ధతను నమోదు చేసే గడి వాటిలో లేదు. అయినా 2023 జనవరి 29న ఫిలడెల్ఫియాలో, సూపర్ బౌల్‌కు ఒక్క మ్యాచ్ దూరంలో, శాన్ ఫ్రాన్సిస్కో ఆరంభ ఆటగాడు బ్రాక్ పర్డీ మోచేతికి గాయమైనప్పుడు ఆ సంసిద్ధతే జాన్సన్‌ను మైదానంలోకి తెచ్చింది. మూడో పావుభాగంలో అతడి తలకూ దెబ్బ తగిలి, బంతి సరిగా విసరలేని పర్డీయే తిరిగి రావలసి వచ్చింది, జట్టు 7-31తో ఓడిపోయింది. జీవితకాలపు నిరీక్షణకు దక్కిన సందర్భం అంత క్రూరంగా ముగియడాన్ని ఏ సిద్ధాంతమూ తియ్యబరచకూడదు.

ఈ ఆటగాళ్లలో అధికసంఖ్యాకుల మతభాష క్రైస్తవానిది. 1990 డిసెంబరు 3న శాన్ ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ జెయింట్స్ జట్ల మ్యాచ్ ముగిశాక ఇరుపక్షాల ఆటగాళ్లు కొందరు మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థన చేసిన తర్వాత ఆ ఆచారం లీగంతటా వ్యాపించింది. క్రీడాకారులు అత్యధికంగా పేర్కొనే బైబిల్ వాక్యాలలో ఒకటి ఫిలిప్పీయులకు పౌలు రాసిన లేఖ నాలుగో అధ్యాయంలోని పదమూడవ వచనం. దాన్ని సాధారణంగా విజయప్రదానంగా, అంటే దేవుడి బలంతో ఏ గెలుపైనా సాధ్యమన్న ధీమాగా వ్యవహరిస్తారు. అయితే ఆ లేఖ చెరసాల నుంచి రాసినది. ఆ వచనానికి ముందే పౌలు, సమృద్ధిలోనూ లేమిలోనూ, కడుపు నిండినప్పుడూ ఆకలిగొన్నప్పుడూ తృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానని చెబుతాడు. అక్కడ కోరినది రెండు స్థితులనూ సమంగా భరించే శక్తి. ఈ విధంగా చూస్తే ఆ వచనం బిరుదు ఎత్తిపట్టిన విజేత కంటే ఆగస్టు చివర ప్లేబుక్ అప్పగించి బయటకు నడిచే ఆటగాడికే ఎక్కువ చెందుతుంది. గుడారాలు కుట్టి పొట్టపోసుకుంటూ నగరం నుంచి నగరానికి తిరిగిన పౌలుకు ఆ ఆటగాడి స్థితి అపరిచితం కాకపోయి ఉండేది.

సమత్వాన్ని ఇంతగా మెచ్చుకోవడంలో ఒక ప్రమాదం పొంచి ఉంది, దాన్ని ఎదుర్కోకుండా ఈ విచారణ ముగిస్తే అది ఆటగాళ్లకు ద్రోహమవుతుంది. ఫలాపేక్ష వదలమన్న ఉపదేశాన్ని ఫలం అనుభవించేవాడే పని చేసేవాడికి చెప్పినప్పుడు అది ధర్మబోధ కాకుండా పోయి దోపిడీకి సాధనమవుతుంది. కృష్ణుడు అర్జునుడి రాజ్యంలో వాటాదారు కాడు. సారథిగా ఆయుధం పట్టకుండా కూర్చున్నవాడు. జట్టు యజమాని మాత్రం టిక్కెట్లలోనూ టెలివిజన్ హక్కులలోనూ వాటాదారు. శరీరమనే అధిష్ఠానం వెచ్చించేది ఆటగాడు: 2021 సెప్టెంబరు 12న వాషింగ్టన్ తరఫున తొలి మ్యాచ్ రెండో పావుభాగంలోనే ఫిట్జ్‌పాట్రిక్ తుంటి కీలు దెబ్బతిని, అదే అతడి చివరి మ్యాచ్ అయింది, తల దెబ్బల వల్ల మెదడు దెబ్బతిన్నదంటూ వేలాది మంది మాజీ ఆటగాళ్లు వేసిన దావాలో లీగ్ కుదుర్చుకున్న రాజీని 2015లో న్యాయస్థానం ఆమోదించింది. ఇంతటి వ్యయం ఒక పక్షానిదీ, రాబడిపై అజమాయిషీ మరో పక్షానిదీ అయినప్పుడు, వ్యయం చేసేవాడు తనకు తాను చెప్పుకున్న వైరాగ్యం ఉదాత్తం, రాబడి పొందేవాడు అతడికి చెప్పే వైరాగ్యం అధర్మం. ఒకే మాట చెప్పేవాణ్ణి బట్టి ధర్మమో అధర్మమో అవుతుందన్న ఈ సంగతిని గీతా వ్యాఖ్యానాలు తగినంతగా పట్టించుకోలేదు.

ఆటగాళ్లు ఈ తేడాను తత్త్వగ్రంథాల సాయం లేకుండానే గుర్తించారు. చాలాకాలం పాటు ఒప్పందం గడువు తీరిన ఆటగాడు కూడా తన ఇష్టం వచ్చిన జట్టుకు నిజంగా వెళ్లగలిగేవాడు కాదు. 1974 సమ్మెలో వారి నినాదమే స్వేచ్ఛ లేనిదే ఫుట్‌బాల్ లేదన్నది. 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ తదితరులు వేసిన దావాలో జ్యూరీ లీగ్ నిబంధనలను తప్పుపట్టింది. రెజ్జీ వైట్ పేరుతో సాగిన మరో దావా దరిమిలా 1993లో ఫ్రీ ఏజెన్సీ, అంటే నిర్ణీత కాలం సేవ చేసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకునే హక్కు, వచ్చింది. ఈ రెజ్జీ వైట్ దీక్ష పొందిన బాప్టిస్టు బోధకుడు. దేవుని చిత్తానికి తలవంచడమూ న్యాయస్థానంలో హక్కు అడగడమూ అతడికి పరస్పరవిరుద్ధంగా తోచలేదు. ఆ హక్కుతోనే అతడు ఫిలడెల్ఫియా నుంచి గ్రీన్ బేకు మారాడు. జర్నీమ్యాన్ సంచారంలో కొంతభాగమైనా అతడి స్వంత నిర్ణయమై ఉందంటే అది ఆ పోరాటం పుణ్యమే.

ఫిట్జ్‌పాట్రిక్ పదిహేడేళ్ల సాధన సంపూర్ణమే. గెలుపు ఓటముల పట్టిక దాన్ని కొలవలేదు, పరమఫలం దక్కకపోవడం దాన్ని తగ్గించలేదు. 2022 జనవరిలో బఫెలోలో, గడ్డకట్టే చలిలో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌ను అతడు చొక్కా లేకుండా ప్రేక్షకుల మధ్య నిలబడి చూస్తూ కేరింతలు కొట్టాడు. తాను ఎన్నడూ చేరని వేదిక మీద పాత జట్టు గెలుస్తుంటే అసూయలేని ఆనందం పొందగలగడం ఆ సాధన ఇచ్చినదే. కానీ ఆ సంపూర్ణత అతడు సంపాదించుకున్నది, లీగ్ ప్రసాదించినది కాదు. ఎన్ఎఫ్ఎల్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2020లో కుదిరిన సమష్టి ఒప్పందం 2030 సీజన్ వరకు అమల్లో ఉంటుంది. హామీ సొమ్ము, గాయపడినవారి సంరక్షణ, తొలగింపు నిబంధనలు అప్పటికి మళ్లీ చర్చకు వస్తాయి. కర్మమీద మనిషికి అధికారం ఉందన్న మాటను ప్రమాణంగా స్వీకరించేవారు ఆ చర్చలో నిలబడవలసింది ఆటగాళ్ల పక్షాన.